దస్తరం తాళంచెవి ఎవరి దగ్గర?



ప్రభుత్వ కార్యాలయాల కంప్యూటర్లలో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరునే వాడాలని కొన్ని ప్రభుత్వాలు ఎందుకు ఆదేశించాయి, ఆ ఆదేశాలు చివరికి ఏమయ్యాయి అన్నది ఈనాటి ప్రసంగ విషయం. కంప్యూటరు మాట వినగానే ఇది మనకు పట్టని సంగతి అనుకుని రేడియో కట్టేయకండి. ముందు మోడి లిపి గురించి నాలుగు మాటలు చెప్పి, ఆ తర్వాత కంప్యూటరు దగ్గరికి వస్తాను.

మాది షోలాపూరు. మగ్గం పని వెతుక్కుంటూ తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన పద్మశాలి కుటుంబం. మా వైపు పాత భూమి కాగితాలు, వతను లెక్కలు, కోర్టు తీర్పులు చాలావరకు మోడి లిపిలో ఉంటాయి. భాష మరాఠీయే, రాత మాత్రం వేరు. కలం ఎత్తకుండా గబగబా రాసుకుపోవడానికి పనికొచ్చిన లిపి అది. 1950ల తర్వాత బడుల్లోనూ ఆఫీసుల్లోనూ దాని వాడుక పోయింది. ఇవాళ తాతగారి పొలం కాగితంలో ఏముందో తెలుసుకోవాలంటే మోడి వచ్చిన మనిషిని వెతుక్కోవాలి, ఆయన అడిగిన రుసుము ఇచ్చుకోవాలి, ఆయన చదివిందే నిజమని నమ్మాలి. 2023లో కుణబి ధ్రువపత్రాల కోసం మహారాష్ట్ర ప్రభుత్వం పాత రికార్డులు తిరగేయించినప్పుడు, మోడి చదవగలిగిన వాళ్ళ కోసం వెతకాల్సి వచ్చింది. తంజావూరు శ్రోతలకు కూడా ఈ సంగతి తెలిసే ఉంటుంది. మరాఠా రాజుల నాటి మోడి కాగితాల కట్టలు అక్కడ సరస్వతీ మహల్‌లో ఉన్నాయి. మన తెలుగు పల్లెల్లో కరణాల గొలుసుకట్టు రాత కూడా ఇలాంటిదే. లెక్క ఊరిది, కాని చదివే చూపు మాత్రం కరణం గారిది.

అయితే మోడికీ గొలుసుకట్టుకూ ఒక మంచి గుణం ఉంది. అవి ఎవరి సొంత ఆస్తీ కావు. ఓపిక ఉన్నవాళ్ళు ఎవరైనా నేర్చుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కరలేదు. కంప్యూటరులో దాచిన కాగితం సంగతి అన్నివేళలా అలా ఉండదు.

నా స్వానుభవం ఒకటి చెబుతాను. 1996లో మా పేటలోని తెలుగు సంఘం వారు ముసలమ్మల చేత పెళ్ళిపాటలు పాడించి రాయించారు. నలుగు పాటలు, అప్పగింతల పాటలు, మగ్గం దగ్గర పాడుకునే పాటలు, మొత్తం ఇరవై మూడు. వాటిని కంప్యూటరులో ఎక్కించే పని నాకు అప్పజెప్పారు. అప్పట్లో తెలుగు టైపు చేయాలంటే ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క ప్రోగ్రాము. కంప్యూటరు వెనకాల చిన్న లాకు బిగిస్తేనే ఆ ప్రోగ్రాము నడిచేది. నెలరోజులు కూర్చుని అంతా కొట్టాను, ఫ్లాపీలో దాచాను. ఆ లాకు పాడైంది, ప్రోగ్రాము అమ్మినవాళ్ళు దుకాణం ఎత్తేశారు, కాగితం ప్రతికి చెదలు పట్టింది. ఫ్లాపీలోని ఫైలు మాత్రం ఇప్పటికీ ఉంది. తెరిస్తే తెలుగు అక్షరం ఒక్కటీ కనబడదు. ఇంగ్లీషు అక్షరాలూ, గుర్తులూ, చుక్కలూ కలగాపులగంగా కనిపిస్తాయి. పాటలు పాడిన అమ్మలు ఇప్పుడు ఒక్కరూ లేరు.

పాటలు పోతే మా సంఘానికి నష్టం. అదే పని ప్రభుత్వం చేస్తే? జనన మరణాల రిజిస్టరు, పింఛను పత్రం, పొలం హద్దులు ఇప్పుడు అన్నీ కంప్యూటరులోనే ఉంటున్నాయి. అవి ఏ రాతలో ఉన్నాయి? ఆ రాత గుట్టు ఎవరి దగ్గర ఉంది?

సాఫ్ట్‌వేరు అనేది మొదట మనిషి చదవగలిగే రూపంలో తయారవుతుంది. దానిని సోర్స్ కోడ్ అంటారు, మూలపాఠం అనుకుందాం. తర్వాత దానిని యంత్రానికి మాత్రమే అర్థమయ్యే అంకెల వరసగా మారుస్తారు. చాలా కంపెనీలు ఆ అంకెల వరసను మాత్రమే అమ్ముతాయి. మూలపాఠం తమ పెట్టెలోనే ఉంచుకుంటాయి. కొన్నవాడికి వాడుకునే హక్కు ఉంటుంది గాని, లోపల ఏం జరుగుతోందో చూసే హక్కూ, మార్చుకునే హక్కూ ఉండవు. ఓపెన్ సోర్స్ అంటే మూలపాఠంతో సహా ఇచ్చేది. చదువుకోవచ్చు, సరిదిద్దుకోవచ్చు, పక్కవాడికి ప్రతి తీసి ఇవ్వవచ్చు. అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ఈ ఉద్దేశంతో పని మొదలుపెట్టారు. 1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ అనే కీలక భాగాన్ని రాసి అందరి ముందూ పెట్టారు. డబ్బు తీసుకోకూడదని ఇందులో నిబంధన లేదు. ఉచితం కావడం తరచుగా కలిసివచ్చే లాభం, అంతే. ఈ తేడా మరిచిపోతే తర్వాతి కథంతా పొదుపు లెక్కలాగా కనిపిస్తుంది.

పొదుపు లెక్క కాదని అందరికంటే స్పష్టంగా చెప్పినవాడు దక్షిణ అమెరికాలోని పెరూ దేశపు శాసనసభ్యుడు ఎడ్గార్ విల్యనువేవా. ఆండీస్ కొండల్లోని ఆందవైలాస్ ప్రాంతం మనిషి. ప్రభుత్వ కార్యాలయాలన్నీ మూలపాఠం ఇచ్చే సాఫ్ట్‌వేరునే వాడాలని 2001 డిసెంబరులో ఆయన ఒక బిల్లు పెట్టారు. 2002 మార్చిలో మైక్రోసాఫ్ట్ పెరూ శాఖ ఆయనకు అభ్యంతరాలతో ఉత్తరం రాసింది. ఈ బిల్లు పోటీని చంపుతుంది, కంపెనీలపై వివక్ష చూపుతుంది, భద్రతకు ముప్పు, ఉద్యోగాలు పోతాయి, పైగా అనుకున్నంత చవక కూడా కాదు అన్నది దాని సారాంశం. ఏప్రిల్ 8న విల్యనువేవా రాసిన జవాబు చాలా పొడవైనది. ప్రతి అభ్యంతరాన్నీ విడివిడిగా తీసుకుని సమాధానం చెప్పారు. ఆ ఉత్తరం కొద్ది వారాల్లోనే అనేక భాషల్లోకి తర్జుమా అయింది.

ఆయన వాదానికి మూడు కాళ్ళు. ఒకటి, ప్రభుత్వ సమాచారం పౌరులందరికీ అందాలి. దానికోసం ఫలానా కంపెనీ సరుకు కొనుక్కోవలసిన అగత్యం ఉండకూడదు. రెండు, ప్రభుత్వ సమాచారం శాశ్వతంగా నిలవాలి. అమ్మినవాడి దయమీదా, వాడు దుకాణం తెరిచి ఉంచడం మీదా ఆధారపడకూడదు. మూడు, దేశభద్రత, పౌరుల భద్రత. లోపల ఏముందో చూడలేని యంత్రంలో ప్రజల వివరాలు పెట్టడం ప్రభుత్వానికి తగదు. చవక సంగతి ఆయన తరువాత మాట్లాడారు. మొదటి రెండు కాళ్ళూ వింటే నాకు మా ఫ్లాపీ గుర్తొస్తుంది.

వివక్ష అన్న మాటకు ఆయన చెప్పిన సమాధానం కూడా గమనించదగ్గది. ఫలానా కంపెనీ దగ్గర కొనవద్దని బిల్లు చెప్పడం లేదు, ఏ షరతులతో కొనాలో మాత్రమే చెబుతోంది. ఆ షరతు ఒప్పుకుంటే ఎవరైనా అమ్మవచ్చు. ప్రభుత్వం వంతెన కట్టించేటప్పుడు నక్షా తనకు అప్పగించాలని అడగదా? అడుగుతుంది. దానిని ఎవరూ వివక్ష అనరు. ఈ పోలిక నాది, వాదం ఆయనది.

ఇంత గట్టి వాదం నెగ్గిందా అంటే, సగమే నెగ్గింది. 2002 జూలైలో పెరూ అధ్యక్షుడు తొలేదో అమెరికా వెళ్ళి బిల్ గేట్స్‌ను కలిశారు. పెరూ బడుల కోసం కంపెనీ తరఫున 5,50,000 డాలర్ల సాయం ప్రకటించారు. బిల్లు మెల్లగా రూపం మార్చుకుంది. చివరికి 2005లో వచ్చిన చట్టం ఓపెన్ సోర్సును తప్పనిసరి చేయలేదు. ఏ సాఫ్ట్‌వేరు కొన్నా ముందుగా పోల్చి చూసి, ఎందుకు కొంటున్నారో రాతపూర్వకంగా చూపాలని మాత్రం చెప్పింది. ఇది ఓటమి అన్నవాళ్ళు ఉన్నారు. నాకు అలా అనిపించదు. కారణం రాసిపెట్టమనడం చిన్న విషయమేమీ కాదు. ఈ మాటకు మళ్ళీ వస్తాను.

పెరూలో చట్టం కాలేదు గనుక ఆచరణలో ఏమై ఉండేదో మనకు తెలిసే వీలు లేదు. ఆచరణ చూడాలంటే జర్మనీలోని మ్యూనిక్ నగరానికి పోవాలి. అక్కడి నగరసభ తన 14,000 కంప్యూటర్లను విండోస్ నుంచి లినక్సుకు మార్చాలని 2003 మేలో తీర్మానించింది. ఆ తీర్మానాన్ని ఆపడానికి మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ సెలవుల మీద మంచుకొండల్లో ఉన్నవాడు అది మానుకుని మేయరు క్రిస్టియన్ ఊడెను కలవడానికి వచ్చాడు. ఒక నగరపాలక సంస్థ కంప్యూటర్ల బేరానికి అంతటి మనిషి స్వయంగా రావడం చూస్తేనే ఆ బేరం ఎంత పెద్దదో తెలుస్తుంది. భయం పోయే డబ్బు గురించి కాదు, మ్యూనిక్‌ను చూసి మిగతా ఊళ్ళూ మారతాయేమోనని.

మార్చడానికి పదేళ్ళు పట్టింది. లినక్సు రాక కాదు. నగరపాలనలో ఒక్కొక్క శాఖకు ఒక్కొక్క కంప్యూటరు విభాగం, ఒక్కొక్క పద్ధతి. ఏ శాఖలో ఏ ప్రోగ్రాము నడుస్తోందో మొత్తంగా తెలిసిన మనిషి లేడు. ఉత్తరాల నమూనాలు, ఫారాలు వేలకొద్దీ ఉన్నాయి. వాటిని ఏరి, కలిపి, తిరగరాయడానికి నగరపాలక సంస్థ తన సొంత ప్రోగ్రామే తయారు చేసుకుని, దాని మూలపాఠాన్ని లోకానికి ఇచ్చింది. 2013 నాటికి సుమారు 15,000 కంప్యూటర్లు మారాయి. కోటి యూరోలకు పైగా ఆదా అయిందని నగరపాలక సంస్థ లెక్క చెప్పింది. ఆ లెక్కను ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు.

2014లో మేయరు మారాడు. కొత్త మేయరు డీటర్ రైటర్‌కు ఈ ఏర్పాటు మీద మొదటినుంచీ గురి లేదు. ఉద్యోగుల ఫిర్యాదులు బయటికి వచ్చాయి. బయటి సంస్థల నుంచి వచ్చే కాగితాలు సరిగా తెరుచుకోవడం లేదన్నది వాటిలో ముఖ్యమైనది. అది నిజమైన ఇబ్బందే. మీరు మీ లిపి మార్చుకున్నా, మీకు ఉత్తరాలు రాసేవాళ్ళు పాత లిపిలోనే రాస్తుంటే తంటా తప్పదు. 2016లో మైక్రోసాఫ్ట్ జర్మనీ ప్రధాన కార్యాలయం మ్యూనిక్ నగరంలోకి వచ్చింది. ఈ రెండిటికీ సంబంధం లేదని మేయరు అన్నాడు. నమ్మేవాళ్ళు నమ్మారు. 2017 నవంబరులో తిరిగి విండోసుకు పోవాలని నగరసభ తీర్మానించింది. 2020లో మరో కూటమి వచ్చి, ప్రజల సొమ్ముతో తయారయ్యే సాఫ్ట్‌వేరు మూలపాఠం వీలైనంత వరకు ప్రజలకే ఇవ్వాలని ఒప్పందంలో రాసుకుంది.

మ్యూనిక్ కథ చెప్పి, చూశారా, ఈ లినక్సు ఆఫీసులకు పనికిరాదు అనేవాళ్ళు చాలామంది. వాళ్ళు ఫ్రాన్సులో జాందార్మరీ అనే పోలీసు దళం సంగతి చెప్పరు. ఆ దళం 2005లో ముందుగా కాగితాలు రాసుకునే ప్రోగ్రామును మార్చింది. ఉద్యోగులకు అది అలవాటయ్యాక, 2008 నుంచి కింద ఉన్న విండోసును తీసి లినక్సు పెట్టింది. డెబ్బై వేలకు పైగా కంప్యూటర్లు అలా మారాయి, ఇప్పటికీ నడుస్తున్నాయి. పైపంచె మార్చి, అలవాటయ్యాక చొక్కా మార్చినట్టు. జర్మనీలోనే ష్లెస్విగ్ హోల్‌స్టైన్ అనే రాష్ట్రం కూడా 2024లో సుమారు 30,000 కంప్యూటర్లలో లిబ్రే ఆఫీస్ వాడాలని నిర్ణయించి ఇదే వరసలో పోతోంది.

ఇక మన దగ్గరికి వద్దాం. ఆదేశం ఇవ్వడం వేరు, అది నిలబడటం వేరు అన్నదానికి మన పొరుగున కేరళ కంటే మంచి ఉదాహరణ లేదు. అక్కడ 2001లో బడుల్లో కంప్యూటరు చదువు కోసం ఐ.టి. ఎట్ స్కూల్ అనే పథకం పెట్టారు. మొదట్లో పాఠాలన్నీ ఒకే కంపెనీ ప్రోగ్రాముల చుట్టూ తిరిగేవి. పిల్లవాడికి ఉత్తరం రాయడం నేర్పుతున్నామా, ఫలానా కంపెనీ బొత్తాలు నొక్కడం నేర్పుతున్నామా అని ఉపాధ్యాయ సంఘాలు నిలదీశాయి. తర్వాతి కొన్నేళ్ళలో బడులన్నీ లినక్సుకు మారాయి. 2008 నాటికి పదో తరగతి ఐ.టి. పరీక్ష పూర్తిగా దానిమీదనే జరిగింది. ఇప్పుడు కైట్ అనే ప్రభుత్వ సంస్థ ఆ పని చూస్తోంది. 2 లక్షలకు పైగా బడి కంప్యూటర్లలో తమ లినక్సు నడుస్తోందని ఆ సంస్థ లెక్క.

మ్యూనిక్‌లో మేయరు మారగానే తిరగబడిన బండి, కేరళలో ప్రభుత్వాలు ఎన్నిసార్లు మారినా ఎందుకు నడిచింది? నా ఉద్దేశం ఇది. కేరళలో శిక్షణ ఇచ్చింది బయటి కంపెనీ కాదు, ఉపాధ్యాయులలోంచే తయారైన ఉపాధ్యాయులు. కంప్యూటరు మొరాయిస్తే పిలవడానికి పక్క బడి లెక్కల మాస్టారు ఉన్నాడు. మలయాళంలో అక్షరం తప్పుగా పడితే దాన్ని సరిచేయగల కుర్రాళ్ళు ఆ రాష్ట్రంలోనే ఉన్నారు, ఎందుకంటే మూలపాఠం చేతిలో ఉంది. ఇలా అలవాటైనదాన్ని ఒక సంతకంతో తీసేయడం కష్టం.

తమిళనాడులో దారి మరోలా సాగింది. ఎల్కాట్ అనే ప్రభుత్వ సంస్థ 2007 ప్రాంతంలో, ఉమాశంకర్ అనే ఐ.ఎ.ఎస్. అధికారి ఆధ్వర్యంలో, తన ఆఫీసులను సూసే లినక్సుకు మార్చింది. 2011లో మొదలైన ఉచిత ల్యాప్‌టాప్ పథకంలో మాత్రం విండోసూ పెట్టారు, చెన్నై సీడాక్ వారు తయారు చేసిన బాస్ లినక్సూ పెట్టారు. మీ పిల్లలకు ఆ ల్యాప్‌టాప్ వచ్చి ఉంటే, ఆ రెండో దాన్ని ఎన్నిసార్లు తెరిచారో మీకే తెలుసు.

కేంద్ర ప్రభుత్వం 2015 మార్చిలో ఓపెన్ సోర్స్ వాడకంపై ఒక విధానం ప్రకటించింది. అది నిషేధం కాదు. ప్రభుత్వం టెండరు పిలిచినప్పుడు ఓపెన్ సోర్సును కూడా పరిశీలించాలని అందులోనే రాయాలి. అది కాదని వేరేది ఇవ్వజూపేవాడు, ఎందుకు కాదన్నాడో కారణం చూపాలి. అత్యవసరమైనప్పుడు, తగిన నైపుణ్యం దొరకనప్పుడు మినహాయింపు ఉంది. పెరూ చట్టం చివరికి చేరుకున్న చోటుకు ఇది దగ్గరగా ఉంది. ఆ కారణాలు ఎవరైనా చదువుతున్నారా, లేక ఫైల్లో ఒక కాగితంగా కుట్టేస్తున్నారా అన్నదే అసలు ప్రశ్న. అడగవలసిన వాళ్ళం మనం. సమాచార హక్కు చట్టం 2005 నుంచి మనకు ఉంది. ఫ్లాపీలోనూ సమాచారం పొందవచ్చని ఆ చట్టంలో రాసి ఉంది. కాని ఆ ఫ్లాపీలోని ఫైలు ఏ రాతలో ఉండాలో రాసి లేదు చూడండి.

నన్నడిగితే, ఏ సాఫ్ట్‌వేరు వాడాలన్న ఆదేశం కంటే, కాగితాన్ని ఏ రాతలో దాచాలన్న ఆదేశం ముందు రావాలి. బ్రిటన్ ప్రభుత్వం 2014లో ఆ పనే చేసింది. ఆఫీసులు ఏ ప్రోగ్రామైనా వాడుకోండి, కాని దిద్దుకోవలసిన కాగితాలు ఇచ్చిపుచ్చుకునేది మాత్రం ఓపెన్ డాక్యుమెంట్ అనే బహిరంగ పద్ధతిలోనే అంది. మన దేశంలో 2009లో భారతీయ భాషల అక్షరాలకు యూనికోడునూ, 2010లో బహిరంగ ప్రమాణాల విధానాన్నీ కేంద్రం ప్రకటించింది. వీటి గురించి పత్రికలు పెద్దగా రాయలేదు. కాని ఇవాళ బరంపురంలో కొట్టిన తెలుగు ఉత్తరం యానాంలోనూ, బళ్ళారిలోనూ, మా షోలాపూరులోనూ ఏ ఫోనులో తెరిచినా తెలుగులాగే కనబడుతోందంటే కారణం యూనికోడే. అదివరకు ఒక కంపెనీ క కారం మరో కంపెనీకి ఏదో గుర్తు.

చిన్న భాషల మాట వచ్చింది గనుక ఐస్‌లండ్ సంగతి ఒకటి. అప్పటికి మూడు లక్షల జనం కూడా లేని దేశం. విండోసును తమ భాషలోకి మార్చమని 1998లో ఆ ప్రభుత్వం అడిగితే, అంత చిన్న బజారుకు గిట్టుబాటు కాదన్నారు. గొడవ లోకమంతా పాకాక 1999లో ఒప్పుకున్నారు. కోట్లమంది మాట్లాడే తెలుగుకు ఆ బెంగ లేదనుకోవచ్చు. కాని రాష్ట్రం దాటి ఉన్న మనలాంటి తెలుగువాళ్ళ అవసరాలు ఏ బజారు లెక్కలోకీ రావు. మూలపాఠం చేతిలో ఉంటే గిట్టుబాటు చూడకుండా మన పిల్లలే పూనుకోవచ్చు. హైదరాబాదులో స్వేచ్ఛ అనే బృందం లినక్సును తెలుగులోకి తెచ్చింది అలాగే.

2025 అక్టోబరులో విండోస్ 10కు కంపెనీ మామూలు మద్దతు ముగిసింది. కొత్తది చాలా పాత కంప్యూటర్ల మీద నడవదు. యంత్రం బాగానే ఉన్నా పక్కన పెట్టవలసి వస్తోంది. మా సంఘంలోని కంప్యూటరుదీ అదే గతి అయితే, పేట కుర్రాడొకడు దానిలో లినక్సు వేసిపెట్టాడు. వాడే మా ఫ్లాపీని చూసి, ఇందులో ఏముంది బాబాయ్ అని అడిగాడు. పాత ఫాంటులో ఏ గుర్తుకు ఏ అక్షరమో, నాకు గుర్తున్న రెండు పాటలు పక్కన పెట్టుకుని, ఇద్దరం రాత్రిళ్ళు కూర్చుని పట్టిక వేశాం. ఇరవై మూడింటిలో పదకొండు పాటలు ఇప్పుడు చదవగలుగుతున్నాం. ఒత్తులు చాలాచోట్ల తప్పుగా పడ్డాయి, ఒక అప్పగింతల పాటలో మూడో చరణం తేలలేదు. మిగిలిన పన్నెండూ ఇంకా గుర్తుల్లోనే ఉన్నాయి. ఆ పట్టికను మేము ఎవరు అడిగినా ఇస్తున్నాం. మీ సంఘాల్లో, మీ ఇళ్ళల్లో అలాంటి పాత ఫైళ్ళు ఉంటే పారేయకండి.